‘మరపురాని ప్రమాదం’ అనవచ్చా?

సందేహం: నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా స్కూలు పత్రికకు మెదడు గురించి వ్యాసం రాస్తూ, ‘చిన్నప్పుడు జరిగిన బస్సు ప్రమాదం ఆ పిల్లవాడి మెదడులో మరపురాని జ్ఞాపకంగా నిల్వ చేయబడింది. అతడు దాన్ని ఇప్పటికీ గుర్తుంచుకున్నాడు’ అన్నాను. ‘మరపురాని’ అనేది మంచి అనుభవాలకే వాడాలంటూ మా తెలుగు మాస్టారు ఆ మాట కొట్టేశారు. అది నిజంగా తప్పేనా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదండీ. ‘మరపు’ నామవాచకం, పాత పుస్తకాల్లో బండి ఱతో ‘మఱపు’ అని కనిపిస్తుంది. ‘రాని’ వ్యతిరేక క్రియాజన్య విశేషణం. ‘నిద్ర రాని రాత్రి’ అన్నప్పుడు మాటలు ఎలా కుదిరాయో ‘మరపు రాని రోజు’లోనూ అలాగే కుదిరాయి. అందులో మంచికీ చెడుకీ ప్రసక్తి లేదు.

కానీ వాడుక వేరు. మరపురాని పాట, మరపురాని నటన, మరపురాని గురువు... సన్మాన పత్రాలూ జ్ఞాపక సంచికలూ కలిసి ఆ మాటను మంచివైపు లాక్కుపోయాయి. ‘మరపురాని అవమానం’ అంటే ఇప్పుడు వెటకారంలా వినిపిస్తుంది. కాబట్టి మీ మాస్టారి చెవి సరిగానే పనిచేసింది, తప్పని కొట్టేయడం మాత్రం కాస్త ఎక్కువ. మీ వాక్యానికి ‘మరచిపోలేని’ నప్పుతుంది. అందులోని ‘లేని’ మనిషి అశక్తతను చెబుతుంది: మరచిపోవాలని చూశాడు, వల్ల కాలేదు. పెళ్లి విందును మరచిపోవాలని ఎవరూ ప్రయత్నించరు కదా.

అసలు నాకు అడ్డుపడినవి మీరు అడగని రెండు మాటలు.

మొదటిది ‘గుర్తుంచుకున్నాడు’. ఇది పూనుకొని చేసే పని. ఎక్కాలు గుర్తుంచుకుంటాం, అప్పిచ్చిన తారీఖు గుర్తుంచుకుంటాం. ప్రమాదం అలా కాదు, గుర్తుండిపోతుంది. ‘నేను’ అన్న కర్త పోయి ‘నాకు’ వస్తుంది: నాకు గుర్తుంది, నాకు గుర్తొచ్చింది. ఆకలి, భయం, జ్వరం వరసలో గుర్తునూ చేర్చింది తెలుగు. ఇంకో తమాషా ఏమిటంటే, మరచిపోయాను అన్నా గుర్తుండిపోయింది అన్నా చివర ఉన్నది ఒకే ‘పోవు’. రెండింటిలోనూ మన ప్రమేయం లేదని ఆ సహాయక్రియే చెబుతోంది.

ఈ విషయంలో మీ శాస్త్రమూ భాష పక్షమే. భయం వేసినప్పుడు అడ్రినలిన్ వంటి హార్మోన్లు విడుదలవుతాయి. మెదడు లోపల బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలా వాటి ప్రభావంతో చురుకై, పక్కనున్న, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ ఆ సంఘటనను మరింత గట్టిగా పట్టుకునేలా చేస్తుంది. 1994లో లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా బృందం అమెరికాలో చేసిన ప్రయోగం మీ వ్యాసానికి సరిగ్గా సరిపోతుంది. తల్లితో వెళ్తున్న పిల్లవాణ్ణి కారు గుద్దే కథను స్లయిడ్లతో చెప్పారు. వారం తర్వాత అడిగితే, మామూలుగా విన్నవారికి ప్రమాదం జరిగిన భాగమే బాగా గుర్తుంది. అడ్రినలిన్ పనిని అడ్డుకునే ప్రోప్రనలోల్ మాత్ర ముందే వేసుకున్నవారికి మాత్రం ఆ భాగం ప్రత్యేకంగా గుర్తులేదు. గుర్తుంచుకోవాలని ఎవరూ పూనుకోలేదు, పనంతా హార్మోనుది.

ఇంకా పాత ముచ్చట ఒకటుంది. జెనీవా వైద్యుడు ఎడువార్ క్లాపరేద్ 1911లో రాసినది. ఆయన దగ్గరున్న ఒక రోగికి కొత్త విషయమేదీ నిలిచేది కాదు, రోజూ చూసే ఆయన్నే పోల్చుకునేది కాదు. ఓసారి ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచి ఆమెతో చేయి కలిపాడు. తర్వాత మళ్లీ చేయి చాస్తే ఆమె తన చేతిని చటుక్కున వెనక్కి తీసుకుంది. ఎందుకంటే మాత్రం సూది గుచ్చిన సంగతి చెప్పలేకపోయింది. (ఇప్పుడైతే ఏ వైద్యుడూ అలాంటి పని చేయకూడదు.) ఇక్కడ ఏమని రాస్తాం? ‘ఆమెకు గుర్తులేదు’ నిజం. ‘ఆమె మరచిపోయింది’ అనలేం, చేయి మరచిపోలేదు. నేనైతే ‘జరిగింది గుర్తులేదు, భయం మిగిలింది’ అని రాస్తాను. సంఘటనను చెప్పగలిగే జ్ఞాపకానికి హిప్పోక్యాంపస్, ఒంటికి పట్టిన భయానికి అమిగ్డలా ముఖ్యమని తర్వాత తేలింది. అందుకని మీ వ్యాసంలో అన్నిటికీ ‘జ్ఞాపకం’ అనకండి. భయం మిగిలింది, జంకు పోలేదు, ఉలిక్కిపడతాడు వంటి మాటలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

రెండోది ‘నిల్వ చేయబడింది’. ‘చేయబడింది’లోని ‘బడు’ తెలుగుకు అంతగా నప్పదన్న సంగతి మీ మాస్టారు చెప్పే ఉంటారు. ‘నిల్వ’ అంటే గాదెలో పోసిన వడ్లు తీసేటప్పుడు కూడా వడ్లే. చేదు జ్ఞాపకం అలా ఉండదు. 2000లో న్యూయార్క్‌లో కరీమ్ నాదర్, జోసెఫ్ లెడూ బృందం ఎలుకలకు ఒక శబ్దం అంటే భయం నేర్పింది. ఆ శబ్దం మళ్లీ వినిపించి, వెంటనే అమిగ్డలాలో కొత్త ప్రోటీన్లు తయారు కాకుండా మందు ఎక్కిస్తే, మరునాటికి వాటి భయం బాగా తగ్గింది. శబ్దం వినిపించకుండా మందు ఒక్కటే ఇస్తే భయం అలాగే ఉంది. అంటే తలుచుకున్న జ్ఞాపకం కాసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడాల్సి వస్తోంది. అందుకే ‘నాటుకుంది’ అనండి, ‘ముద్ర పడింది’ అనండి, ‘నిలిచిపోయింది’ అనండి. వీటిలో నాకు ‘నాటుకుంది’ ఎక్కువ ఇష్టం. నాటుకున్నది పెరుగుతుంది, వంకర తిరుగుతుంది, వాడిపోతుంది కూడా.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా దిద్దుతాను: ‘చిన్నప్పటి బస్సు ప్రమాదం ఆ పిల్లవాడి మనసులో నాటుకుపోయింది. మరచిపోదామన్నా ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.’ మెదడు అన్నచోట మనసు అన్నాను. వ్యాసం మెదడు గురించే కాబట్టి మార్చుకోవచ్చు, అర్థం చెడదు. ఇక మరచి, మరిచి, మర్చి మూడూ వాడుకలో ఉన్నవే. వ్యాసం మొదటి నుంచి చివరి దాకా ఏదో ఒకటే ఉంచండి.