ఆంటొనీ వేషం కడుతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. పావుగంట మోకాలి నొప్పి గురించి, మామిడికాయల రేటు గురించి మాట్లాడి, తీరా పెట్టేసే ముందు "దాని నాటకం వచ్చే నెలలో అన్నయ్యా, షేక్‌స్పియర్ జూలియస్ సీజరట, తెలుగులో" అన్నాడు. డైరెక్షన్ నువ్వేనట, ఆంటొనీ వేషమూ నువ్వేనట. బాగుందిరా అన్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. మీ పెద్దమ్మ లేచి బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది. బీపీ కాదే, ఆంటొనీ అని ఏం చెప్పను?

ముందు సంతోషం సంగతి. ఆడపిల్ల ఆంటొనీ కట్టడమేంటని ఎవరైనా అంటే, స్థానం నరసింహారావుగారు సత్యభామ కట్టినప్పుడు మీ తాతలు ఎగబడి టిక్కెట్లు కొన్నారని చెప్పు, నోరు మూసుకుంటారు. ఇక చిన్న విషయాలు. ఐస్‌క్రీములు మానెయ్, గొంతు జాగ్రత్త. అట్టకత్తులకి వెండి కాగితం అంటించేటప్పుడు మొనలు మడవమను, కంటికి తగిలితే నాటకం కాదు ఆసుపత్రే. సీజర్ వేసేవాడు మూడో అంకంలోనే పోతాడు కానీ శవంగా చాలాసేపు పడుండాలి, వాడికి దోమలు కుట్టకుండా చూడు. అంతే. ఇవన్నీ నీకు తెలుసు.

నా భయమంతా, బ్రూటస్ వాళ్ళు పొడిచి చంపిన సీజర్ శవం పక్కన అతని స్నేహితుడు ఆంటొనీ ఇచ్చే ఆ అంత్యక్రియల ఉపన్యాసం మీదే. అందులో బ్రూటస్‌ని మాటిమాటికీ అనే ఆ 'ఆనరబుల్' అన్న మాటకి ఏం పెట్టుకున్నావు? 'గౌరవనీయులు' అంటే మంత్రిగారి ఫ్లెక్సీలా ఉంటుంది. 'మర్యాదస్తుడు' ఫరవాలేదు. మేము 'పెద్దమనిషి' అని పెట్టుకున్నాం, ఇప్పటికీ నాకు అంతకన్నా మంచి మాట దొరకలేదు, కానీ దాంట్లో ఒక తిరకాసు ఉంది. మన ఊళ్ళలో 'ఆయన పెద్దమనిషండీ' అంటే సగంసార్లు తిట్టే. నువ్వేం విరవక్కర్లేకుండానే ఆ మాట దానంతటదే విరిగి ఉంటుంది. అదే నా కొంప ముంచింది.

1975. తెనాలిలో నా బి.ఏ. ఆఖరి సంవత్సరం, కాలేజీ వార్షికోత్సవం. ఇంటింటికీ తిరిగి తెల్ల దుప్పట్లు అడుక్కొచ్చి రోమన్లమయ్యాం. నేను ఆంటొనీని. చిన్నప్పటినుంచీ రాయబారం నాటకాలు చూసి పెరిగినవాణ్ణి కదా, కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం లాగడం, జనం వన్స్ మోర్ అని అరవడం, ఆయన మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకోవడం, నటనంటే అదేనని బుర్రలో నాటుకుపోయింది. మొదటిసారి "బ్రూటస్ పెద్దమనిషి" అన్నప్పుడే ఆ 'పెద్ద'ని సాగదీసి, హాలు వంక తిరిగి కనుబొమ ఎగరేశాను. ఈల పడింది. ఆ ఈల ఇంకా చెవిలో ఉంది, అమ్మలూ, ఏం దాచను. రెండోసారి ఇంకాస్త సాగదీశాను. మూడోసారి హాలంతా నాతోపాటు అంది. నాలుగోసారి నేను నోరు తెరవకముందే వాళ్ళే అనేశారు.

ఇప్పుడు ఆ సీను పుస్తకంలో తీసి చూడు. ఆ మాటని మొదట నోరు విప్పి తిరగేసేది ఆంటొనీ కాదు, ఒక పౌరుడు. సీజర్ రాసిన వీలునామా ఉందని ఆంటొనీ చెప్పి, చదవనంటూ ఊరించి, సీజర్ని పొడిచిన ఆ పెద్దమనుషులకి అన్యాయం చేస్తానేమోనని భయంగా ఉంది అంటాడు. అప్పుడు గుంపులోంచి ఒకడు అరుస్తాడు: "పెద్దమనుషులా! ద్రోహులు!" అక్కడివరకూ ఆంటొనీ ఎవర్నీ ద్రోహి అనలేదు. అనకూడదు కూడా, ఎందుకంటే బ్రూటస్ షరతు అది: మమ్మల్ని నిందించకూడదు, సీజర్ మంచి ఎంతైనా చెప్పుకో, మా అనుమతితోనే మాట్లాడుతున్నానని చెప్పు. మాట తప్పకుండానే వాళ్ళ కొంపలు తగలబెట్టించిన ఘనుడు ఆంటొనీ. తను అనకుండా ఎదుటివాడి చేత అనిపించాడు.

ఆ పౌరుడు మీ నాన్న.

వాడికప్పుడు పదహారేళ్ళు, ఇంటర్. నాటకం మొత్తంలో వాడికున్నది ఆ ఒక్క మాటే. నెలరోజులు బావి దగ్గర నీళ్ళు తోడుతూ అదే అన్నాడు, మీ నానమ్మ ఎవర్రా ద్రోహులు, మీ నాన్నేం చేశార్రా అని కేకలేసేది. ఆ రాత్రి వాడి వంతు వచ్చేసరికి హాలు పగలబడి నవ్వుతోంది. వాడు నోరు తెరిచాడు, నాకు కనపడింది. ఎవరికీ వినపడలేదు. నేనైనా ఆగాలి కదా, ఆగలేదు, ఈలల ఊపులో వాడి మీదుగా తర్వాతి మాటకి దూకేశాను. ఆ తర్వాత సీజర్ అంగీ పైకెత్తి, నెర్వీ తెగవాళ్ళని గెలిచిన నాటి సాయంత్రం ఆయన దీన్ని మొదటిసారి తొడుక్కున్నాడు, నాకు గుర్తుంది అని చెప్పే ఘట్టం, రాయి కూడా ఏడవాల్సిన చోటు, అక్కడ వెనక వరసలోంచి ఎవడో "చింపింది ఏ పెద్దమనిషి?" అని అరిచాడు. శవం కూడా నవ్వింది.

నాటకం అయ్యాక నన్ను భుజాలమీద ఊరేగించారు. తిరిగొచ్చేసరికి వాడొక్కడే స్టేజీ వెనక ఎవరింటి దుప్పటి వాళ్ళకి విడదీసి మడతపెడుతున్నాడు. "అన్నయ్యా, నా మాట వినపడిందా?" అన్నాడు. "బాగా చెప్పావురా" అన్నాను. వాడు మళ్ళీ ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. సీజర్‌కి బ్రూటస్ చేసింది అందరికీ తెలుసు, నేను చేసింది ఇన్నేళ్ళూ నాకే తెలుసు. వాడికీ తెలుసేమో. నిన్న ఫోన్లో ఆంటొనీ అని చెప్పి కాసేపు ఊరుకున్నాడు.

కాబట్టి మొదటి 'పెద్దమనిషి' నిజంగానే అను. నువ్వు లోపలికి వచ్చేసరికి జనం నీ వైపు లేరు, బ్రూటస్ వైపు ఉన్నారు, అతన్ని ఇక్కడ ఏమైనా అంటే బాగుండదు అంటున్నారు. భయపడు. నిజంగా భయపడు. వీలునామాలో సీజర్ ఒక్కొక్కడికీ రాసిచ్చిన డెబ్బై అయిదు ద్రాక్మాల సొమ్ము సంగతి ఆఖరి దాకా దాచుకో. రిహార్సళ్ళలో నీకన్నా గుంపుకి ఎక్కువ టైమివ్వు, ఆ సీనులో మారేది వాళ్ళు.

బ్రూటస్‌ని మాత్రం వెర్రివాణ్ణి చేశావో, ఊరుకోను. ఆంటొనీని చంపొద్దన్నాడు, మాట్లాడనిమ్మన్నాడు, యుద్ధానికి ఫిలిప్పైకి మనమే వెళ్దామన్నాడు, మూడుసార్లూ కుట్రలో తోడున్న కాసియస్ వద్దంటూనే ఉన్నాడు. అయినా అర్ధరాత్రి గుడారంలో వీణ పట్టుకుని నిద్రపోయిన కుర్రాడి చేతుల్లోంచి అది పడి విరిగిపోతుందని మెల్లగా తీసి పక్కన పెడతాడే, ఆ మనిషిని చూపించు. తను వచనంలో కారణాలు చెప్పి, ఆంటొనీ మాటలు కూడా విని వెళ్ళండని జనాన్ని బతిమాలి, తానొక్కడే వెళ్ళిపోతాడు. జనం "ఇతన్నే సీజర్‌ని చేద్దాం" అంటారు. సీజర్ ఉండకూడదనే కదా అతను చంపింది! ఆ మాట విన్నప్పుడు బ్రూటస్ మొహం ఎలా ఉంటుందో ఆ వేషం వేసేవాడిని రాత్రంతా ఆలోచించమను.

నిడివి ఎక్కువైందని రెండు సీన్లు కోసేస్తావు, నాకు తెలుసు, అందరూ అవే కోస్తారు. కవి సిన్నాని, కుట్రదారుల్లో ఒకడి పేరుతో పేరు కలిసిందని జనం పీకేసే సీను, ఆ తర్వాత ఆంటొనీ సొంత మేనల్లుడి పేరు పక్కన చావు చుక్క పెట్టి, జనానికి ఇస్తానన్న వీలునామా సొమ్ములో ఎంత కోత పెట్టొచ్చో చూద్దామనే సీను. కోయకు. నీ ఉపన్యాసానికి చప్పట్లు కొట్టినవాళ్ళు ఆ కోత కూడా చూడాలి.

తిట్టినట్టు ఉందేమో, పట్టించుకోకు. చిన్నప్పుడు మా పెరట్లో దుప్పటి కప్పుకుని కోళ్ళకి ఉపన్యాసాలు ఇచ్చినదానివి, నీకు నేను చెప్పేదేముంది.

ఆ పౌరుడి వేషం ఎవరికిచ్చావో రాయి. ఎవరైనా సరే, వాడు అరిచాక ఒక్క క్షణం ఆగు. నేనూ మీ పెద్దమ్మా ముందురోజే బయల్దేరతాం, మీ నాన్న పక్కన రెండు సీట్లు ఉంచు.

పెదనాన్న