తాళం ముక్క దాచినవారికి ఆస్తిలో హక్కు వస్తుందా?

ప్రశ్న: నా దస్తావేజుల స్కాన్ కాపీలు, పొదుపు లెక్కలు ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ లేనిదే ఎవరూ చదవలేని రూపంలోకి మార్చి పెట్టాను. తెరవడానికి ఒక్కటే ప్రైవేట్ కీ, అంటే రహస్యంగా దాచుకునే ఒక పెద్ద సంఖ్య. దాన్ని నాలుగు ముక్కలు చేసి భార్యకు, ఇద్దరు పిల్లలకు, ఒక స్నేహితుడికి ఇచ్చి, ‘నాలుగు వాటాలు నలుగురికి’ అని కాగితం రాద్దామనుకుంటున్నాను. చెల్లుతుందా?

జవాబు: ముందు ఆ ‘వాటా’ అన్న మాట కొట్టెయ్యండి. మీ దృష్టిలో అది తాళం ముక్క. రేపు చదివేవారికి అది ఆస్తిలో నాలుగోవంతు. మీ స్నేహితుడు మంచివారే కావచ్చు, ఆయన తదనంతరం ఆయన పిల్లలు ఆ కాగితం పట్టుకొస్తే మీ ఇంట్లోవాళ్లు కోర్టు చుట్టూ తిరగాలి. తాళంచెవి దాచినంత మాత్రాన ఇల్లు వాళ్లది కాదు, నిజమే. కానీ ఆ మాట రాతలో ఉండాలి. ఇలా రాయండి: “ఈ కీ భాగాన్ని ఫలానావారు (మీ పేరు) నా దగ్గర నమ్మకం మీద ఉంచారు. దీనివల్ల నాకు ఏ ఆస్తిలోనూ హక్కు రాదు. ఆయన మరణానంతరం ఎగ్జిక్యూటర్ (వీలునామా అమలు చేసే వ్యక్తి) రాతపూర్వకంగా అడిగితే అప్పగిస్తాను.” ఒక్కొక్కరి చేత విడివిడిగా సంతకం చేయించండి.

ఏది ఎవరికి చెందాలో వీలునామాలో రాయండి. కీ అక్షరాలు మాత్రం అందులో వద్దు. వీలునామా కోర్టుకెక్కితే నలుగురి కంటా పడుతుంది.

ముక్కలు చేసే పద్ధతీ మార్చాలి. 256 బిట్ల (ఒక్కో బిట్ 0 లేదా 1) కీని నాలుగుగా కోస్తే ముక్కకు 64 బిట్లు. ఒక్కరు పోగొట్టినా అన్నీ పోయినట్టే. ముగ్గురు కలిస్తే మిగిలిన 64 బిట్లు వెతికి పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. 1979లో గూఢలిపి శాస్త్రవేత్త ఆది షమీర్ చూపిన పద్ధతిలో ఈ బాధ లేదు: ఎన్ని భాగాలు కలిస్తే కీ రావాలో మీరే నిర్ణయిస్తారు, అంతకు ఒక్కటి తగ్గినా ఏమీ తెలియదు.

మీకు నా సలహా ఆరు భాగాలు, నాలుగు కలిస్తే తెరుచుకునేలా. ఇంట్లోవాళ్లకు మూడు, బయటివాళ్లకు మూడు. అప్పుడు ఇంట్లో ముగ్గురూ ఒక్కటైనా మీరుండగా తెరవలేరు, బయటి ముగ్గురూ తెరవలేరు. రెండు భాగాలు పోయినా పని ఆగదు. ఒకవైపు ముగ్గురూ మొండికేస్తే మాత్రం ఆగుతుంది. అప్పుడు కోర్టులో అడగడానికి ఆధారం పైన చెప్పిన సంతకాలే.

ఎవరితోనైనా చెడితే, అదే కీని కొత్తగా పంచితే సరిపోదు. పాత భాగాలు నాలుగు కలిస్తే అదే కీ వస్తుంది. కాబట్టి కీనే మార్చి, ఫైళ్లన్నీ కొత్తదానితో ఎన్‌క్రిప్ట్ చేసి, పాత కాపీలు చెరిపెయ్యండి.

భాగాలు కలిపిన కంప్యూటర్‌లో కీ మొత్తం ఉంటుంది. అది ఎవరిది, ఎవరి సమక్షంలో కలపాలి అన్నదీ ముందే రాసిపెట్టండి. ఉత్తుత్తి ఫైలొకటి చేసి, దానికి వేరే కీ పెట్టి, మీరుండగానే ఒకసారి ఆ ఆరుగురిలో నలుగురిని కూర్చోబెట్టి తెరిపించి చూడండి.