ఏసీ వేస్తే గ్లవ్ బాక్స్ వెనక టకటక: కంప్రెసర్ మార్చే ముందు ఇది చూడండి

ఏసీ వేయగానే గ్లవ్ బాక్స్ వెనక టకటక, బ్లోయర్ (బండి లోపలికి గాలి కొట్టే ఫ్యాన్) పెంచితే ఇంకా జోరు, మెకానికేమో కంప్రెసర్ పోయిందంటున్నాడు, అంతే కదండీ? డబ్బులిచ్చే ముందు ఒక్క పని చేయండి. పెట్రోల్, డీజిల్ బండ్లలో కంప్రెసర్‌ను తిప్పేది ఇంజన్ బెల్టు. అందుకని ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి, ఏసీ బటన్ ఆపేసి, బ్లోయర్ ఒక్కటే 1 నుంచి 4 దాకా తిప్పి వినండి. చప్పుడు అలాగే వస్తుంటే కంప్రెసర్‌ది తప్పు కాదు. ఎక్కువసేపు ఉంచకండి, బ్యాటరీ దిగిపోతుంది.

మాకూ అచ్చం ఇదే వచ్చింది. మా బండి ఉండేది వేపచెట్టు కింద. బయటి గాలి లోపలికి వెళ్లేది వైపర్ల దగ్గరున్న జాలీలోంచి. చెత్త కూడా ఆ దారినే దిగుతుంది. గ్లవ్ బాక్స్ ఊడదీసి ఏసీ ఫిల్టర్ బయటికి లాగితే ఒక మూల కొరికేసి ఉంది, ఎలుక పనే. దాని కింద బ్లోయర్. వైరు సాకెట్ పీకి, మూడు స్క్రూలు తీస్తే మోటరుతో సహా చేతికొచ్చింది. సన్నటి ప్లాస్టిక్ రెక్కల మధ్య ఒక ఎండు వేప ఈనె ఇరుక్కుని, సగం బయటికి పొడుచుకొచ్చి ఉంది. చక్రం తిరిగిన ప్రతిసారీ అది డబ్బాకు తగిలేది. లాగేసి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, కొత్త ఫిల్టర్ వేశాను. రెక్కలకు ఒక క్లిప్పు తగిలించి ఉంటే దాన్ని మాత్రం పీకకండి. అది బ్యాలెన్స్ కోసం పెట్టింది, తీస్తే వణుకు మొదలవుతుంది.

టకటక కాకుండా కీచుమంటే, అదీ మలుపుల్లో, గుంతల్లో మారుతుంటే బ్లోయర్ మోటర్ బుష్ (ఇరుసు తిరిగే చోట ఉండే చిన్న గొట్టం) అరిగినట్టే. నూనె చుక్క వేస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది, అంతే. మోటరే మార్చుకోండి. బ్లోయర్ ఆపినా, చల్లదనం నాబ్ తిప్పినప్పుడల్లా డ్యాష్‌బోర్డ్ లోపల టిక్ టిక్‌మంటే అది వేరే కథ, చల్లగాలి, వేడిగాలి పాళ్లు మార్చే లోపలి ఫ్లాపును (చిన్న తలుపును) తిప్పే చిన్న మోటర్ పళ్లు విరిగి ఉంటాయి. బానెట్ వైపు నుంచి హోరు వస్తే రేడియేటర్ ఫ్యాన్ చూడాలి. ఏసీ వేస్తే అది తిరగడం మామూలే, గరగరమంటేనే అనుమానించాలి.

ఇంజన్ ఆపి విన్నాక చప్పుడు ఏ నంబర్ మీద మొదలైందో ఇక్కడ రాయండి.