వంతెన ఎక్కలేని కారు: టర్బో మార్చే ముందు

ప్రశ్న: నా టర్బో డీజిల్ కారుకు 14 ఏళ్లు. మామూలు రోడ్డు మీద బాగానే నడుస్తోంది గానీ, చించినాడ వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరులో కూడా లాగడం లేదు. గట్టిగా తొక్కితే నల్ల పొగ, దాంతో పాటు బుస్సుమనే శబ్దం వస్తున్నాయి. స్కానరులో పీ0299 కోడ్ చూపించింది. టర్బో పోయింది, కొత్తది వేయాలని మెకానిక్ అంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: అప్పుడే వేయించకండి. ఆ కోడ్‌కు అర్థం ఇంజనులోకి గాలిని నొక్కి పంపే టర్బో చెడిందని కాదు, కంప్యూటర్ కోరినంత గాలి పీడనం అందలేదని మాత్రమే. ఎందుకు అందలేదో వెతకడం మనిషి పని. మీరు చెప్పిన బుస్సుమనే శబ్దాన్ని బట్టి చూస్తే, టర్బో గాలిని నొక్కి పంపుతూనే ఉందని, అది ఇంజనుకు చేరేలోగా దారిలో బయటికి పోతోందని నాకు అనిపిస్తోంది. గాలి తగ్గి డీజిల్ పూర్తిగా కాలకపోతే వచ్చేది నల్ల పొగే. కోనసీమ నేలంతా బల్లపరుపు కాబట్టి ఇంజనుపై నిజంగా బరువు పడేది వంతెనల మీదే. పీడనం పెరిగినప్పుడే నోరు తెరిచే చీలిక మామూలు రోడ్డు మీద బయటపడదు.

ముందుగా ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, ఇన్‌టేక్ పీడనం, అంటే ఇంజనులోకి వెళ్లే దారిలోని గాలి పీడనం, ఎంత ఉందో స్కానరులో చూడమనండి. ఆగి ఉన్న ఇంజనులో ఉండేది బయటి గాలి పీడనమే. మన డెల్టా సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది కనుక అది 100 కిలోపాస్కల్స్‌కు దగ్గరగా ఉండాలి. 80 అనో 120 అనో చూపితే సెన్సరునో, దాని వైరింగునో అనుమానించాలి. అంకె సరిగా ఉంటే, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని వంతెన ఎక్కుతూ మళ్లీ చూడండి. పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లలో అది 200 దరిదాపులకు చేరుతుంది. 120 దగ్గరే ఆగిపోతే గాలి కారుతున్నట్టో, టర్బో పని చేయనట్టో లెక్క.

కారడాన్ని కనిపెట్టడానికి ఇంజను ఆపి, టర్బోకు గాలి వెళ్లే మూతిని గట్టిగా మూసి, కంప్రెసర్ గాలిని ఒక బార్ దాటకుండా పంపి, హోస్ పైపుల మీద సబ్బునీళ్లు చల్లాలి. నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే పైపుల అడుగు భాగం, క్లిప్పుల అంచులు ముఖ్యం. కంటికి ఆనని చీలిక దగ్గర కూడా నురుగు లేస్తుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో క్లిప్పులు తుప్పు పట్టి సడలడం మామూలే.

ఆ తర్వాత టర్బో పీడనాన్ని అదుపు చేసే యాక్యుయేటరు. మీ కారులో అది వ్యాక్యూమ్‌తో పని చేసేదైతే, సన్నని వ్యాక్యూమ్ పైపులను మొదటి నుంచి చివరి దాకా వేలితో తడిమి చూడాలి. ధాన్యం బస్తాల పక్కన కారు నిలిపేవారికి ఎలుకల సంగతి నేను చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ బాగుంటేనే టర్బో మీదికి వెళ్లాలి. ఇంజను చల్లారాక గాలి పైపు విప్పి ఇరుసును కదిపి చూడాలి. అది నూనె పొరపై తేలుతూ తిరిగేది కనుక పక్కలకు కాస్త కదలడం తప్పు కాదు. ముందుకూ వెనక్కూ ఆడుతున్నట్టు చేతికి తెలిసినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపించినా అప్పుడు మీ మెకానిక్ మాటే నిజం. అయితే కొత్తది బిగించే ముందు దానికి నూనె తెచ్చే పైపులో మడ్డి చేరిందేమో చూడాలి. చేరి ఉంటే కొత్త టర్బో కూడా ఎక్కువ కాలం నిలవదు.

ప్రశ్న: హోస్ విప్పితే లోపల నూనె తడి ఉంది. టర్బో సీలు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: పలచని తడి మాత్రమే అయితే కాదు. ఇంజను లోపలి ఆవిరిని తిరిగి గాలి దారిలోకే పంపే ఏర్పాటు ఉన్నందున ఆ మాత్రం నూనె పాత కార్లలో చేరుతూనే ఉంటుంది. పైపు వంచితే ధారగా కారుతున్నా, నీలం పొగ వస్తూ డిప్‌స్టిక్ మీద నూనె మట్టం తగ్గుతున్నా అప్పుడు చూపించండి.