సెల్ఫ్ కొట్టే ముందు చెవి పెట్టు

అల్లుడూ,

మొన్న పొద్దున నీ కారు స్టార్ట్ కాలేదని, పావుగంట సెల్ఫ్ కొట్టీ కొట్టీ చివరికి ఆటోలో ఆఫీసుకి వెళ్లావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బెజవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు ఇదే పని చేసినవాణ్ణి, బండి కొన్న రోజే నీకివన్నీ చెప్పాల్సింది.

తాళం తిప్పాక వచ్చే చప్పుడులోనే సగం జబ్బు తెలిసిపోతుంది. టకటకమని కొట్టుకుంటూ మీటర్ దీపాలు మసకబారాయా, కరెంటు చాలట్లేదు. దీపాలు నిండుగా వెలుగుతూ ఒక్క 'టక్'తో ఆగిపోతే అనుమానం సెల్ఫ్ మోటారు మీద. అసలు చప్పుడే లేకపోతే క్లచ్ పూర్తిగా తొక్కావో లేదో చూసుకో. ఇంజిన్ గిరగిరా తిరుగుతున్నా అందుకోకపోతే పెట్రోలో, స్పార్కో అందట్లేదు. నీ బండికి తాళం ఆన్ చెయ్యగానే వెనక సీటు కింద పెట్రోలు లాగే పంపు రెండు సెకన్లు సన్నగా మూలగాలి. ఆ మూలుగు వినపడకపోతే ముందు పంపు ఫ్యూజు చూడు. తాళం బొమ్మ దీపం మిణుకుమిణుకుమంటుంటే బండి నీ తాళాన్ని గుర్తుపట్టలేదు, రెండో తాళంతో తిప్పు.

నేను చూసినవాటిలో ఎక్కువ బ్యాటరీ కేసులే. మన ఎండలకి మూడు నాలుగేళ్లకే నీరసిస్తాయి. అయినా కొత్తది కొనే ముందు టెర్మినళ్లు, అంటే బ్యాటరీకి వైర్లు బిగించే మొనలు చూడు. ఒకాయన బండి కదలట్లేదని పిలిస్తే వెళ్లాను. అప్పటికే కొత్త బ్యాటరీ అట్టపెట్టెలో తెచ్చి పెట్టుకున్నాడు. బోనెట్ ఎత్తితే టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా చిలుము. వైరు చివర బిగించే క్లాంప్ చేత్తో పట్టుకుంటే గుండ్రంగా తిరిగిపోయింది. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోశాను. బుసబుసా పొంగి కొట్టుకుపోయి, కింద సీసం మెరిసింది. పదో నంబరు స్పానర్‌తో బిగించి తాళం తిప్పితే పాత బ్యాటరీతోనే ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. నువ్వు చేసేటప్పుడు మైనస్ వైరు ముందు విప్పు, బిగించేటప్పుడు అది చివర. పొద్దున్నే బ్యాటరీకి వోల్టు మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించాలి. 12కి దిగిందంటే ఖాళీ అయినట్టే.

సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టకు. ఆపి, నిమిషమాగి మళ్లీ కొట్టు. లేకపోతే ఉన్న కాస్త కరెంటూ అయిపోతుంది, మోటారూ కాలుతుంది.

ఇదొక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో, నాన్నా. మునిగిన బండికి తాళం తిప్పకు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఎన్ని బళ్లు నీళ్లలో ఉండిపోయాయో నువ్వూ చూశావు. సిలిండర్లోకి నీళ్లు చేరితే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వేలతో పోయేది లక్షకు చేరుతుంది. బ్యాటరీ విప్పేసి, లాగించుకుని షెడ్డుకి తీసుకెళ్లు.

నీ బ్యాటరీ మీద ఏ నెల, ఏ సంవత్సరం వేసి ఉందో ఫొటో తీసి రాత్రికి పంపు. చూసి చెప్తాను.

మీ మావయ్య