పెద్ద పండుగప్ప పడితే: మేనల్లుడికి ఒక ఉత్తరం

బరంపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మీటరుకి అటూ ఇటూగా ఉన్న పండుగప్ప, దాన్ని ఎత్తి పట్టుకుని నువ్వు. ఆఫీసులో సగం మంది అంత చేపని చేతులారా వదిలేశావా అని నవ్వారనీ, మిగతా సగం మంది శభాష్ అన్నారనీ రాశావు. ఎవరి మాట సరైనదని అడిగావు. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

తీర్పు ముందే చెప్పేస్తాను. వదలడం మంచిపనే. వదిలిన తీరు మాత్రం బాగాలేదు. నాలుగు ఫోటోలు, నాలుగింటిలో నాలుగు భంగిమలు. రెండో ఫోటోలో దాని పక్కకంతా ఇసుక అంటుకుని ఉంది, అంటే ఒడ్డున పడుకోబెట్టావు. మూడో దాంట్లో దవడ పట్టుకుని నిలువునా వేలాడదీశావు. అది ఈదుకుంటూ వెళ్లిపోయిందని రాశావు, సంతోషమే. ఈదుకుంటూ వెళ్లిన ప్రతి చేపా మర్నాటికి బతికుంటుందని మాత్రం అనుకోకు.

అసలు అంత పెద్దదాన్ని ఎందుకు వదలాలో చెబుతాను. ఇది పండుగప్ప కాబట్టి సంగతి కాస్త వేరు. ఈ చేప చాలావరకు మగదిగానే ఈడుకొస్తుంది. మూడు నాలుగేళ్ల వయసులో మగచేపగా సంతానంలో పాలు పంచుకుంటుంది. ఆ తర్వాత ఇంకొన్నేళ్లు బతికి, 80 నుంచి 100 సెంటీమీటర్ల మధ్యకు పెరిగేసరికి ఆడదిగా మారుతుంది. అంటే నీ చేతిలో ఉన్నది దాదాపు ఖాయంగా ఆడచేప. వలలూ గాలాలూ తప్పించుకుని అన్నేళ్లు బతికితే గానీ మన మొగలో ఒక ఆడ పండుగప్ప తయారవదు. బాగా పెద్ద ఆడచేప ఒక్క కాలంలో కోట్లలో గుడ్లు పెడుతుంది. అందులో పెరిగి పెద్దయ్యేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే, అందుకే అన్ని గుడ్లు కావాలి.

బరువు రెట్టింపైతే గుడ్లు రెట్టింపవుతాయని మనం అనుకుంటాం. అంతకంటే ఎక్కువే అవుతాయి. 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన వందల జాతుల సముద్రపు చేపల లెక్కలు తీసింది. అందులో కాడ్ అనే చల్లని సముద్రాల చేప గురించి ఒక ఉదాహరణ ఉంది. 30 కిలోల ఆడచేప ఒక్కటి పెట్టే గుడ్లు, రెండేసి కిలోల ఆడచేపలు 28 కలిసినా పెట్టలేవట. ఆ 28 చేపల బరువు కలిపితే 56 కిలోలు. మన పండుగప్పకి సరిగ్గా అదే లెక్క వర్తిస్తుందని అనను, దారి మాత్రం అదే.

ఆస్ట్రేలియాలోనూ ఇదే చేప ఉంది, వాళ్లకది ప్రాణం. అక్కడ క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 58 సెంటీమీటర్ల కంటే చిన్నదీ ఉంచుకోకూడదు, 120 కంటే పెద్దదీ ఉంచుకోకూడదు. చిన్నవాటిని వదలమనే నియమం ఎక్కడైనా ఉంటుంది, పెద్దవాటిని కూడా వదలమనడమే అందులో తెలివి. నా లెక్క ఇంకా బిగువు. 60 నుంచి 80 సెంటీమీటర్ల మధ్యది తింటాను, మూడు నుంచి ఆరేడు కిలోలు తూగుతుంది. ఇంటికి చాలు, పక్కింటికి కూడా ఒక ముక్క పంపవచ్చు. దానికి మించినది నీళ్లలోకే. మధ్యవాటిని కూడా ఒకటితో ఆపాలి, ఎందుకంటే వాటిని ఊడ్చేస్తే రేపటి ఆడచేపలు ఎక్కడినుంచి వస్తాయి? పైగా రుచిలో కూడా మధ్యదే మేలు. పెద్దదాని కండ ముతకగా ఉంటుంది. నమ్మకపోతే మీ అత్తయ్యని అడుగు.

“నేను వదిలితే రేపు ఎవరి వలలోనో పడుతుంది కదా” అని నీ స్నేహితుడు అన్నాడట. పడొచ్చు. వలవాడు దాన్ని అమ్మి పిల్లల ఫీజు కట్టుకుంటాడు, నీ ఫోటో కంటే అది మెరుగే. అయినా ఆ రోజు లోపు అది ఒక్క వర్షాకాలం గుడ్లు పెట్టినా లాభమే. గోపాల్‌పూర్, పోడంపేట జాలర్ల దగ్గరికి వెళ్లి మాత్రం పెద్ద చేపలు వదలండి అని నీతులు చెప్పకు. నెల తిరిగేసరికి జీతం అందుకునేవాడు చెప్పే మాట కాదది. చిల్క సరస్సు సంగతే చూడు. మొగ ఇసుకతో పూడుకుపోయి, ఏడాది రాబడి రెండు వేల టన్నుల లోపుకి పడిపోయింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. ఉప్పునీరు లోపలికి రాగానే ఒకటి రెండేళ్లలో రాబడి పది వేల టన్నులు దాటింది. చేపకి రాకపోకల దారి తెరిస్తే వచ్చే మేలు ముందు నువ్వూ నేనూ వదిలే చేపలు ఏపాటి? మన పాలూరు కాలువ చిల్కనీ రుషికుల్య మొగనీ కలుపుతుంది. అది పూడకుండా ఉండటం ఈ పండుగప్పలకి మనందరి దయ కంటే ముఖ్యం. అందుకే వదిలానని గొప్ప చెప్పుకోకు. నీ చేతిలో పడ్డ చేప వరకు నీ బాధ్యత, అంతే.

ఇక వదిలే తీరు. ఇక్కడ కాస్త నిదానంగా చదువు.

గాలం వేసి వదిలేసిన చేపల్లో ఎన్ని చస్తాయని వేర్వేరు చోట్ల చేసిన 274 లెక్కల్ని కలిపి 2005లో ఒక సమీక్ష వేశారు. సగటున 18 శాతం చచ్చాయి. జాతిని బట్టి, చోటును బట్టి ఇది సున్నా దగ్గర నుంచి చాలా ఎక్కువ దాకా ఉంది. గాలపు ముల్లు లోపలికి మింగిందా, నీళ్లు వేడిగా ఉన్నాయా, ఎంతసేపు గాలిలో ఉంచారు, ఇవే తేడా తెచ్చేవి. గాలిలో ఉంచడం గురించి 1992లో కెనడాలో ట్రౌట్ చేప మీద ఒక ప్రయోగం చేశారు. బాగా అలిసిపోయేలా ఈదించి, నీళ్లలోంచి తీయకుండా వదిలితే చచ్చినవి 12 శాతం. అర నిమిషం గాలిలో ఉంచితే 38. నిమిషం ఉంచితే 72. అది చల్లని నీళ్ల చేప, పండుగప్ప దానికంటే మొండిది. కానీ నాలుగు భంగిమల ఫోటోలకి ఎంతసేపు పట్టిందో నీకే తెలుసు.

కాబట్టి ఫోటో తీసేవాడు ముందే ఫోన్ తెరిచి నిలబడాలి. చేప నీళ్లలోనే ఉండాలి, నువ్వు నడుం లోతులో ఉండాలి. లేపేముందు నువ్వు ఊపిరి బిగబట్టు, నీకు ఊపిరాడనప్పుడు దాన్ని దించెయ్. ఒక్క ఫోటో, రెండు చేతులూ పొట్ట కింద, అడ్డంగా. అంత బరువున్న చేపని దవడ దగ్గర పట్టి నిలువునా వేలాడదీస్తే దవడ కీళ్లూ లోపలి అవయవాలూ దెబ్బతింటాయి. మొప్పల్లో వేళ్లు పెట్టకు, అది దానికీ ప్రమాదం, నీకూ ప్రమాదం. పండుగప్ప మొప్ప మూత అంచు బ్లేడులా ఉంటుందని ఈపాటికి నీ వేళ్లకి తెలిసే ఉంటుంది. చేతులు తడిపి పట్టుకో. పొడి చేతులు, పొడి గుడ్డ, ఇసుక ఇవన్నీ దాని ఒంటి మీది జిగురు పొరని తుడిచేస్తాయి, తర్వాత పుండ్లు పడతాయి.

లూర్‌కి, అంటే ఉత్తుత్తి ఎరకి, వచ్చే మూడు ముళ్ల ట్రెబుల్ హుక్‌లు తీసేసి, ఒంటి హుక్ వేసుకో. దాని ఎదురుముల్లుని పటకారుతో నొక్కేయ్. చేపలు జారిపోతాయని భయపడకు, లైన్ బిగువు తప్పకపోతే జారవు. సన్నటి లైన్‌తో గంటసేపు ఆడిస్తే సరదాగా ఉంటుందని కొందరు చెబుతారు, వాళ్ల మాట వినకు. ఆ గంటలో చేప ఒళ్లంతా అలిసి, వదిలాక తేరుకోలేదు. గట్టి బ్రెయిడ్ (అల్లిన లైన్), హుక్ దగ్గర మందపాటి లీడర్ ముక్క వేసి త్వరగా దగ్గరికి తెచ్చుకో. నీ చేతి వల ముడులున్న నైలాన్‌దైతే మార్చి, రబ్బరు పూతది కొను.

ముల్లు గొంతులోకి దిగిపోతే కెలకొద్దు. లైన్ కత్తిరించి వదిలెయ్. లోపల ఉన్న హుక్‌ని చాలా చేపలు తట్టుకుంటాయి, దాన్ని పీకే ప్రయత్నాన్నే తట్టుకోలేవు. వదిలేటప్పుడు తల పారే నీటికి ఎదురుగా పెట్టి తోక మొదలు పట్టుకుని నిలబడు. ముందుకీ వెనక్కీ ఊపకు, వెనక్కి లాగితే నీళ్లు మొప్పల్లో తప్పు దారిన పోతాయి. అది తనంతట తాను నీ చేతిని తోసుకుని వెళ్లేదాకా ఆగు. పోటు మొదలైన వేళ అయితే మేలు, కొత్త నీళ్లు వస్తాయి. ఏప్రిల్, మే ఎండల్లో పాటు సమయంలో మడుగుల్లో నీళ్లు కాగినట్టుంటాయి, వాటిలో ప్రాణవాయువు తక్కువ. అప్పుడు వదులుదామనే లెక్కతో అసలు గాలమే వెయ్యకు. తినడానికి ఒకటి పట్టుకుని ఇంటికి వచ్చెయ్.

బరువు తూచాలని ఉబలాటపడతావు, తెలుసు. కాటాకి వేలాడదీయక్కర్లేదు. టేపు పెట్టి పొడవు, నడుమ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకో. చుట్టుకొలతని చుట్టుకొలతతో హెచ్చవేసి, పొడవుతో మళ్లీ హెచ్చవేసి, 29,000తో భాగించు. 100 పొడవు, 62 చుట్టుకొలత అనుకుంటే 13 కిలోలు చిల్లర వస్తుంది. కిలో అటూ ఇటూ తప్పవచ్చు, మన గొప్పలకి అది చాలు. గోడకి పెట్టుకోవాలనుంటే ఈ కొలతలూ ఫోటో ఇస్తే ఫైబర్‌తో అచ్చం అలాంటి బొమ్మ చేసేవాళ్లు ఉన్నారు. ఎండబెట్టి, ఉప్పేసి, బూజుపట్టిన అసలు చేప కంటే అదే అందంగా ఉంటుంది.

ఇంకో మాట కూడా వినాలి. మన జాలర్లలో పెద్దవాళ్లు కొందరు “తినని చేపని ఎందుకు ఏడిపిస్తారు బాబూ” అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. స్విట్జర్లాండ్‌లో చట్టమే అలా అంటుంది, వదిలేసే ఉద్దేశంతో చేపని పట్టడానికి అక్కడ ఒప్పుకోరు. నేను ఈ వాదానికి పూర్తిగా లొంగను, కానీ పూర్తిగా తోసిపుచ్చలేను కూడా. అందుకే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం నాకు నచ్చదు. ఒకటి తినడానికి, దారిలో పెద్దది పడితే వదలడానికి. కూరకి ఒకటి దొరికాక రాడ్ మడిచెయ్. మొప్పల్లోంచి రక్తం కారుతుంటే అది ఎంత పెద్దదైనా వదలకు, ఇంటికి తీసుకుపో. బతకని చేపని నీళ్లలో పారేసి పుణ్యం అనుకోవడం కంటే, నెత్తి మీద గట్టిగా ఒక్క దెబ్బ వేసి, మంచులో పెట్టి, వండుకుని తినడమే మర్యాద.

రంపపు సొర, తిమింగల సొర పిల్ల, గిటార్ ఆకారంలో ఉండే పెద్ద సొర పడితే ఆలోచన అక్కర్లేదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అవి రక్షణలో ఉన్నాయి. చచ్చినట్టున్నా సరే నీళ్లలోకే. దానికి సరిగ్గా ఎదురు మాట మన ఊరి చెరువుల్లో పడే థాయి మాగుర్ అనే చేప. అది బయటి నుంచి వచ్చి మన చేపల్ని తినేసే రకం, 2000 నుంచి దాని పెంపకమే నిషేధం. జాలిపడి దాన్ని చెరువులో వదిలేవాడికి ఏం చెప్పాలో నాకు తెలియదు.

పడవ సంగతి. నువ్వు ఒక్కడివే వెళ్లవు, నావ నడిపే అతను ఉంటాడు. వేల రూపాయల చేప నీళ్లలోకి పోతుంటే అతని మొహం చూశావా? అతని లెక్కలో అందులో అతనికీ వాటా ఉంది. బయల్దేరక ముందే చెప్పు: పెద్దది పడితే వదిలేస్తాను, నీ కూలి మీద ఇంత ఎక్కువ ఇస్తాను అని. చెప్పి ఇవ్వు. ఊరికే వదిలేసి, “ప్రకృతిని కాపాడాం” అని అతని భుజం తట్టడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. ఇంకొకటి: నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య మొగ చుట్టూ, తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల తాబేళ్ల కోసం మరపడవల వేట మూసేస్తారు. ఆ నెలల్లో ఎవరైనా పర్వాలేదు రమ్మన్నా వెళ్లకు. ఒడ్డున నిలబడి వేసినా తెగిన లైన్ ముక్కలన్నీ జేబులో వేసుకుని రా. ఫిబ్రవరి, మార్చిలో గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ల కాళ్లకి అవే చుట్టుకునేది. రాత్రుళ్లు ఆ ఇసుక మీద టార్చి వెలిగించకు.

కార్తీకం వస్తోంది. నీ ఒడియా స్నేహితులు చివరి ఐదు రోజులైనా చేప ముట్టరు, కొంగ కూడా ముట్టదంటారు ఆ పంచుకలో. పౌర్ణమి మర్నాడు ఛడఖైకి మాత్రం ఊరు ఊరంతా చేపల బజారులోనే ఉంటుంది. ఆ రోజుకి మీ అత్తయ్యా నేనూ ఛత్రపురం వస్తున్నాం. 65, 70 సెంటీమీటర్లది ఒకటి పడితే ఆవపిండి పెట్టి బేసర చేయిస్తాను. పడకపోతే ముందు రోజే కొని ఉంచు, ఛడఖై పొద్దున ధర అడగడానికి కూడా భయం వేస్తుంది.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు
మావయ్య