తడి ఆరని పెరట్లో ఏ పూలు పూస్తాయి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. ఇంటికి ఉత్తరాన పెరడు, దాని వెనక కొబ్బరి చెట్లు. ఎప్పుడూ నీడే. నేల తడి ఆరదు, వానాకాలం నాచు పడుతుంది. గులాబీ, బంతి, మల్లె పెట్టి చూశాను. సాగిపోతాయి గానీ మొగ్గ తొడగవు. పోయినేడు గోడవారన పీస్ లిల్లీ నాటితే మే నెలలో ఆకులు మాడిపోయాయి. నీడలో మొక్క మాడడమేమిటి? ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండే పూలమొక్కలు చెప్పండి. తల్లో పెట్టుకునేవి ఉంటే మరీ సంతోషం.
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, ముందు మీ పీస్ లిల్లీ సంగతి చెబుతాను. అది తేలితే మిగతా తోట ఎక్కడ ఏది వేయాలో మీకే తెలుస్తుంది. మన కోనసీమలో ఉత్తరపు గోడ పక్కన ఏడాదంతా నీడ ఉండదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ అయితే ఏప్రిల్ నుంచే అటువైపు పడతాయి. సంక్రాంతినాటి నీడ చూసి నాటిన మొక్కకి రోహిణి కార్తె ఎండ నేరుగా తగులుతుంది. అందుకే మాడింది. దాన్ని కొబ్బరి చెట్ల మధ్యకి మార్చండి. అక్కడ జల్లెడ పట్టినట్టు పలచని ఎండ పడుతుంది, పీస్ లిల్లీకి అదే కావాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం దాని ఆకు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. కందలాగే దురద పెట్టే జాతి అది.

చెట్టు మొదలు చుట్టూ ఆరడుగుల దాకా ఏమీ నాటొద్దు. కొబ్బరి తిండి తీసుకునే వేళ్లు ఎక్కువగా ఆ పాదులోనే ఉంటాయి. మట్టలూ కాయలూ ఊడిపడేదీ అక్కడే.

ఇక నేల. తడిగా ఉండే నేల వేరు, నీళ్లు నిలిచే నేల వేరు. సాయంత్రం అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. తెల్లారేసరికి ఇంకిపోతే మీకు టెన్షన్ లేదు. నిలిచి ఉంటే అక్కడ వేళ్లకి గాలి ఆడదు, కుళ్లిపోతాయి. అలాంటి చోట జానెడు ఎత్తు మడి కట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలపండి. పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు కడిగాకే వాడండి.

మీ పెరటికి నేను అన్నిటికన్నా ముందు చెప్పే పేరు తెల్ల జింజర్ లిల్లీ. అల్లం కుటుంబం, దుంపతో పెరుగుతుంది, ఛాతీ ఎత్తు వస్తుంది. సీతాకోకచిలుకలా తెల్లటి పువ్వు. చీకటి పడుతుంటే వాసన వీధిదాకా వస్తుంది. మా పెరట్లో వినాయక చవితి వేళకి మొదలై కార్తీకం దాకా పూస్తుంది. ఒక్కో పువ్వు ఒక్కరోజే ఉంటుంది గానీ గెలలో రోజూ కొత్తవి విచ్చుకుంటాయి, తల్లో పెట్టుకోవచ్చు. పూసిన కాడ మళ్లీ పూయదు, మొదలంటా కోసేయండి, పక్కనుంచి పిలకలు వస్తాయి. మరీ చీకటి నీడలో పెడితే ఆకులే తప్ప పూలు రావు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మిగిలిన దుంపలు ఇరుగుపొరుగుకి పంచండి గానీ పంట కాలువలో, గట్టు మీద పారేయొద్దు. తడి దొరికితే అది ఆగదు. అందం కోసం తెచ్చిన గుర్రపుడెక్క మన కాలువల్ని ఎలా మింగేసిందో చూస్తూనే ఉన్నాం.

తల్లోకి రెండోది కనకాంబరం. సగం రోజు వెలుతురు చాలు, కానీ నీళ్లు నిలిస్తే చచ్చిపోతుంది, ఎత్తు మడి మీదే వేయండి. ఢిల్లీ కనకాంబరం గింజ కట్టదు, కొమ్మ కత్తిరింపులే నాటుకోవాలి. పొరుగింట్లో ఉంటే నాలుగు కొమ్మలు అడగండి, కొనక్కర్లేదు.

నీళ్లు నిలిచే మూలకి స్పైడర్ లిల్లీ సరిపోతుంది, బంకమట్టిని కూడా ఓర్చుకుంటుంది. మెట్టతామరా తడికి ఓర్చుతుంది గానీ దానికి ఎండ కావాలి, మీ చోటు కాదు. దట్టమైన నీడలో అమెజాన్ లిల్లీ వేయండి. తలలు వంచుకుని వాసనగల తెల్లపూలు పూస్తుంది. ఎత్తు కావాలంటే వేలాడే ఎర్ర గెలల హెలికోనియా. ఆంథూరియం మీద మనసైతే నేలలో వద్దు, కుండీలో కొబ్బరి డొక్క ముక్కల్లో పెంచండి.

కడియం నర్సరీలకి వెళితే పూలతో కళకళలాడే హైడ్రాంజియా కుండీలు కనిపించొచ్చు. తీసుకోవద్దు. ఊటీ, కొడైకెనాల్ చల్లదనానికి అలవాటైన మొక్క, మన వేసవికి నిలవదు.

తడి నీడలో నత్తలు తప్పవు. రాత్రి తడిపిన గోనెసంచి మడి పక్కన పరచండి, పొద్దున్నే దాని కిందే దొరుకుతాయి, ఏరేయండి. దుంపలు, పిలకలు జూన్‌లో తొలకరి పడ్డాక నాటండి. ఈలోపు మే అంతా, పెరట్లో ఎండ ఎక్కడెక్కడ పడుతోందో ముగ్గుతో గీతలు గీసి పెట్టుకోండి. ఆ గీతల లోపల కనకాంబరం, బయట లిల్లీలు.